కాలక్రమాన్ని మార్చి కథ చెప్పడం: ఏ కథకు ఏ వరుస నప్పుతుంది?

కథ రాయడానికి కూర్చున్న రచయిత ముందు ఎప్పుడూ రెండు వరుసలు ఉంటాయి. సంఘటనలు జరిగిన వరుస ఒకటి, వాటిని పాఠకుడికి చెప్పే వరుస మరొకటి. 1920ల్లో రష్యన్ రూపవాద విమర్శకులు మొదటిదాన్ని ఫాబ్యులా అనీ, రెండోదాన్ని సుజెత్ అనీ అన్నారు. మనకు అలవాటైన మాటల్లో వాటిని కథ, కథనం అనుకోవచ్చు. ఈ రెండూ కలిసి నడిస్తే అది సరళ కథనం. రచయిత కావాలని వాటిని విడదీసినప్పుడు ఫ్లాష్‌బ్యాక్ మొదలుకుని, చివరి నుంచి మొదటికి నడిచే నవల వరకు ఎన్నో రూపాలు పుడతాయి.

వీటిలో ఏది ఎంచుకోవాలన్న ప్రశ్నకు జవాబును చాలామంది రూపాల అందంలో వెతుకుతారు. అది అక్కడ దొరకదు. పాఠకుడు ఏ ప్రశ్నను మనసులో పెట్టుకుని పేజీ తిప్పాలని మీరు కోరుకుంటున్నారో, ఆ ప్రశ్నే వరుసను నిర్ణయిస్తుంది. "తర్వాత ఏమవుతుంది?" అన్నది ఒక రకం ఉత్కంఠ. "ఇలా ఎందుకయింది?" అన్నది మరో రకం. "అసలు ఏం జరిగింది?" అన్నది ఈ రెండింటికీ భిన్నమైనది. ఒకే కథలో మూడింటినీ పూర్తి బలంతో నిలపడం దాదాపు అసాధ్యం, ఎందుకంటే ఒక ప్రశ్నను లేవనెత్తాలంటే మరో ప్రశ్నకు జవాబు ముందే చెప్పేయాలి. ముగింపును మొదటి పేజీలో పెట్టినవారు "తర్వాత ఏమవుతుంది" అన్నదాన్ని వదులుకుని "ఎందుకయింది" అన్నదాన్ని కొనుక్కుంటున్నారు. కాబట్టి వరుసను ఎంచుకునే ముందు ఏ రహస్యాన్ని వదులుకోవడానికి మీరు సిద్ధంగా ఉన్నారో తేల్చుకోవాలి.

పోలిక గాలిలో తేలిపోకుండా ఒక చిన్న కథను ముందు పెట్టుకుందాం. ఇద్దరు అక్కచెల్లెళ్ళు. తండ్రి తన చివరి రోజుల్లో, ఎవరికీ తెలియని పెద్ద అప్పు సంగతిని పెద్ద కూతురికి మాత్రమే చెప్పి, చిన్నదానికి తెలియనివ్వనని మాట తీసుకుంటాడు. ఆయన పోయిన తర్వాత అక్క ఇల్లు అమ్మి అప్పు తీరుస్తుంది, కారణం మాత్రం చెప్పదు. ఆస్తి కాజేసిందని నమ్మిన చెల్లెలు ఆమెతో తెగతెంపులు చేసుకుంటుంది. పన్నెండేళ్ళ తర్వాత ఒక రైల్వే ప్లాట్‌ఫారం మీద ఇద్దరూ ఎదురుపడతారు. మాట, మరణం, అమ్మకం, తెగతెంపులు, కలయిక అనే ఈ ఐదు ఘట్టాలనే వేర్వేరు వరుసల్లో పేర్చి చూద్దాం.

సరళ క్రమాన్ని తేలిగ్గా తీసుకోవద్దు

జరిగింది జరిగినట్టు చెబితే, అక్క ఇచ్చిన మాట పాఠకుడికి మొదటి ఘట్టంలోనే తెలిసిపోతుంది. అప్పుడు చెల్లెలు అనే ప్రతి నిష్ఠూరమూ పాఠకుడికి గుచ్చుకుంటుంది. నిజం తెలిసి కూడా నోరు విప్పలేని అక్క పక్షాన అతడు నిలబడతాడు. "ఈమె మాట నిలబెట్టుకుంటుందా, ఏదో ఒక రోజు చెప్పేస్తుందా?" అన్న ప్రశ్న ప్రతి పేజీలోనూ బిగుసుకుంటూ పోతుంది. ఇది బలమైన కథ. దీన్ని ముక్కలు చేసి తిప్పి పేర్చినంత మాత్రాన ఇంతకన్నా లోతు వస్తుందన్న హామీ లేదు.

క్రమం మారిస్తే కథకు గాఢత వస్తుందన్న నమ్మకం కొత్తగా రాసేవారిలో చాలా గట్టిగా కనిపిస్తుంది. నా దృష్టిలో అది తలకిందుల ఆలోచన. ఘట్టాల మధ్య కార్యకారణ సంబంధం బలహీనంగా ఉంటే, వరుస మార్చడం ఆ బలహీనతను కొంతసేపు దాచగలదే తప్ప తీర్చలేదు. ముక్కలన్నీ ఏరుకుని మనసులో సరిచేసుకున్న పాఠకుడికి చివరికి మిగిలేది ఆ సరళమైన కథే. అందువల్ల ఏ రూపాన్ని ఎంచుకున్నా, ముందుగా కథను జరిగిన వరుసలో ఒక పేజీకి మించకుండా రాసి చూసుకోవాలి. ఆ పేజీ చదువుతుంటే ప్రతి ఘట్టంలోనూ ఒత్తిడి పెరుగుతోందనిపిస్తే సరళ క్రమంలోనే ఉండటం మేలు. ఒత్తిడి ఒక్క చోటనే పోగుపడి, మిగతాదంతా దానికి వివరణగా మిగిలిపోతోందనిపిస్తే, అప్పుడు వరుస మార్చే ఆలోచన చేయవచ్చు.

మధ్యలో ఎత్తుకోవడం, వెనక్కి వెళ్ళడం

అందరికీ తెలిసిన పద్ధతి ఇది, అందరూ తడబడేదీ ఇదే. రోమన్ కవి హోరేస్ కావ్యకళ గురించి రాస్తూ, ట్రాయ్ యుద్ధకథను హెలెన్ పుట్టిన గుడ్డు దగ్గర మొదలుపెట్టకుండా నేరుగా నడిమధ్యకు తీసుకువెళ్ళే కవిని మెచ్చుకున్నాడు. ఒడిస్సీలో జరిగింది అదే. కథ తెరుచుకునేసరికి నాయకుడు ఎన్నో ఏళ్ళుగా ఇంటికి దూరంగా ఒక దీవిలో చిక్కుకుని ఉంటాడు. అంతకు ముందు అతడు పడ్డ పాట్లన్నీ మొత్తం 24 భాగాల్లో 9 నుంచి 12 వరకు అతడి నోటనే వినిపిస్తాయి. ఎత్తుగడలో ఆసక్తి రేపి, ఆ ఆసక్తి పండిన తర్వాతే గతాన్ని విప్పడం ఎంత పాత విద్యో దీన్ని బట్టి తెలుస్తుంది.

మన కథను ప్లాట్‌ఫారం మీద మొదలుపెడదాం. ఒకామె రెండోఆమెను చూసి ముఖం తిప్పుకుంటుంది. రెండోఆమె ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోతుంది. ఈ ఇద్దరి మధ్య ఏం జరిగిందన్న కుతూహలం పాఠకుడికి వెంటనే కలుగుతుంది. ఇక్కడ రచయితకు రెండు దారులు. గతాన్ని ఒకే పెద్ద ఫ్లాష్‌బ్యాక్‌గా చెప్పి తిరిగి ప్లాట్‌ఫారానికి రావచ్చు, లేదా ప్లాట్‌ఫారం సన్నివేశాన్ని నడిపిస్తూనే గతాన్ని చిన్న చిన్న తునకలుగా అందించవచ్చు. ఒకే పెద్ద ఫ్లాష్‌బ్యాక్‌లో గతం తన ఊపును తాను కూడదీసుకుంటుంది, పాఠకుడు అందులో స్థిరపడతాడు. అయితే అంతసేపూ వర్తమానం కదలకుండా నిలబడిపోతుంది. గతం ఇరవై పేజీలు సాగి, వర్తమానం ముందు ఒకటి, వెనక ఒకటిగా రెండే పేజీలైతే ఆ ప్లాట్‌ఫారం వట్టి గుమ్మంగా మిగులుతుంది. అలాంటప్పుడు దాన్ని తీసేసి సరళంగా చెప్పడమే నిజాయితీ. తునకల పద్ధతిలో రెండు కాలాలూ కదులుతూ ఉంటాయి. కానీ వెనక్కి వెళ్ళిన ప్రతిసారీ, అలా వెళ్ళడానికి కారణం వర్తమానంలోనే కనిపించాలి. తిరిగి వచ్చేసరికి వర్తమానంలో ఏదో ఒకటి మారి ఉండాలి, కనీసం పాత్ర చూపైనా.

తునకల పద్ధతిలో ఎక్కువగా జరిగే పొరపాటు తొందర. పాఠకుడికి ఇంకా ప్రశ్న పుట్టకముందే జవాబు వచ్చేస్తుంది. మొదటి పేజీలో ఇద్దరూ ఎదురుపడి, రెండో పేజీలోనే తండ్రి మంచం పట్టిన రోజులకు వెళ్ళిపోతే, అక్కాచెల్లెళ్ళుగా వారు ఎవరో, ఎలాంటివారో తెలియకుండానే వారి గతాన్ని భరించమని పాఠకుణ్ణి అడిగినట్టవుతుంది. వర్తమానంలో అతడికి ఒక మనిషి మీద శ్రద్ధ కలిగిన తర్వాతే ఆమె గతం అతడికి కావాలనిపిస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. ఫ్లాష్‌బ్యాక్ ఎవరి మనసు నుంచి వస్తోంది? అక్క దృష్టికోణంలో ప్లాట్‌ఫారం సన్నివేశాన్ని రాస్తే, ఆమెకు అప్పు సంగతి మొదటి నుంచీ తెలుసు. చెల్లెల్ని చూసిన క్షణంలో ఆమెకు మొట్టమొదట గుర్తొచ్చేది అదే. ఆమె తలలోకి పాఠకుణ్ణి తీసుకువెళ్ళి, ఆమె ఆలోచించే తీరాల్సిన విషయాన్ని మాత్రం చివరి పేజీ వరకు దాచిపెడితే అది ఉత్కంఠ కాదు, మోసం. కొసమెరుపు చదివిన పాఠకుడు అబ్బురపడడు, వెనక్కి తిరిగి రచయిత కప్పిపుచ్చిన చోట్లను లెక్కపెడతాడు. అదే సన్నివేశాన్ని చెల్లెలి వైపు నుంచి రాస్తే, ఆమెకు తెలియనిది పాఠకుడికీ తెలియకపోవడం సహజం. ఆమెతో పాటే అతడూ తప్పుగా అర్థం చేసుకుంటాడు, ఆమెతో పాటే నిజం తెలుసుకుంటాడు. వరుసను నిర్ణయించుకున్నాక దృష్టికోణాన్ని ఎంచుకుందామనుకునేవారు ఇక్కడే చిక్కుకుంటారు. ఆ రెండూ ఒకే నిర్ణయం.

చట్రం కథ ఎప్పుడు

ఒకరు మరొకరికి కథ చెబుతుండగా అసలు కథ సాగడం మన సాహిత్యానికి కొత్త కాదు. మహాభారతాన్ని నైమిశారణ్యంలో ఉగ్రశ్రవసుడు శౌనకాది మునులకు చెబుతాడు. అతడు చెప్పేది, జనమేజయుడి సర్పయాగంలో వైశంపాయనుడు చెప్పగా విన్నదాన్ని. 16వ శతాబ్దంలో పింగళి సూరన కళాపూర్ణోదయంలో పాత్రల పూర్వకథలు ఆలస్యంగా బయటపడి, మనం అంతకు ముందే చదివిన ఘట్టాలకు కొత్త అర్థాన్ని ఇస్తాయి. కాలక్రమాన్ని మార్చడం ఆధునికుల సొత్తు అనుకునేవారు ఆ కావ్యాన్ని ఒకసారి చదవాలి.

చట్రాన్ని ఎంచుకోవడానికి ఒక్క షరతు చాలు: చెప్పడం అనేదే ఒక సంఘటన అయి ఉండాలి. ఎవరు, ఎవరికి, ఇప్పుడే ఎందుకు చెబుతున్నారు? మన కథలో అక్క కూతురు తన పిన్నికి ఈ సంగతంతా చెబుతోందనుకుంటే, అక్క నిలబెట్టుకున్న మాటను ఆమె కూతురే దాటుతోందన్నమాట. అక్కడ చట్రానికి ప్రాణం ఉంది. వినే మనిషి విన్న తర్వాత కూడా అలాగే ఉండిపోతే చట్రం అక్కర్లేదు.

రెండు కాలాలు పక్కపక్కన

నవలలో ఈ రూపం ఎంతో ఆకర్షిస్తుంది. దీనికీ ఫ్లాష్‌బ్యాక్‌కీ ఉన్న తేడాను చాలామంది సరిగా పట్టించుకోరు. ఫ్లాష్‌బ్యాక్‌లో గతం వర్తమానానికి సేవ చేస్తుంది. జంట కాలాల కథనంలో రెండింటికీ సమానమైన హక్కు ఉంటుంది. గతంలో నడిచే కథకు తనదైన ప్రశ్న, తనదైన ఎదుగుదల, తనదైన ముగింపు ఉండాలి. వర్తమానంలో నడిచే కథకూ అంతే. మన అక్కాచెల్లెళ్ళ కథలో ఒక రేఖ తండ్రి చివరి ఆరు నెలలది, రెండో రేఖ రైలు ఆలస్యమై ఇద్దరూ ఒకే బెంచీ దగ్గర చిక్కుబడిపోయిన కొన్ని గంటలది అనుకుందాం. మొదటి దానిలో "అక్క మాట ఇస్తుందా?" అన్నది ప్రశ్న. రెండో దానిలో "రైలు వచ్చేలోపు ఎవరైనా నోరు విప్పుతారా?" అన్నది ప్రశ్న. ఆరు నెలలూ కొన్ని గంటలూ ఒకే పొడవు పుస్తకంలో నడవడం వల్ల రెండింటి వేగాలూ వేరవుతాయి, ఆ తేడా నుంచే లయ పుడుతుంది.

ఈ రూపంలో ఎదురయ్యే పెద్ద కష్టం అసమానత. రెండు రేఖల్లో ఒకటి పాఠకుడికి ఎక్కువ నచ్చుతుంది. రెండోది వచ్చినప్పుడల్లా అతడు పేజీలు గబగబా తిప్పేస్తాడు. దీనికి నేను నమ్మే పరీక్ష ఒక్కటే. రాత పూర్తయ్యాక ఒక రేఖ అధ్యాయాలన్నిటినీ తీసి విడిగా చదవాలి, తర్వాత రెండోదాన్నీ అలాగే చదవాలి. ఒంటరిగా నిలవలేని రేఖ పక్కన మరొకటి పెట్టినంత మాత్రాన నిలవదు. రెండూ ఒంటరిగా నిలబడి, కలిపి చదివినప్పుడు మాత్రమే పుట్టే అర్థం ఒకటి కనిపిస్తే ఈ రూపం సరైనదే. ఆ అర్థం "గతం వర్తమానానికి కారణం" అన్నంతవరకే అయితే ఫ్లాష్‌బ్యాక్‌తో సరిపెట్టుకోవచ్చు. వర్తమానంలో తెలిసిన విషయం గతాన్ని కొత్తగా చూపించాలి. బెంచీ మీద చెల్లెలు "నాన్నకు నా మీదే ప్రేమ ఎక్కువ" అని గర్వంగా అన్న తర్వాత వచ్చే గతపు అధ్యాయంలో, తండ్రి అప్పు మాటను చిన్నదాని దగ్గర దాచమనడం ప్రేమలాగానూ కనిపిస్తుంది, అపనమ్మకంలాగానూ కనిపిస్తుంది. అటువంటి చోట ఈ రూపం తన ఖరీదును తాను రాబట్టుకుంటుంది.

పొడవు కూడా చూసుకోవాలి. రెండు కాలాలను సమానంగా నడపడానికి చోటు కావాలి. చిన్న కథలో ఇది అరుదుగా పొసగుతుంది, ఎందుకంటే ప్రతి మార్పు దగ్గరా పాఠకుడు కాసేపు నిలదొక్కుకోవాలి. కథ చిన్నదైన కొద్దీ నిలదొక్కుకోవడానికే సగం శక్తి ఖర్చవుతుంది.

చివరి నుంచి మొదటికి

అరుదైన రూపం, కానీ తగిన కథ దొరికితే దీనికి సాటి లేదు. హెరాల్డ్ పింటర్ 1978లో రాసిన నాటకం బిట్రేయల్ తొమ్మిది దృశ్యాల్లో 1977 నుంచి 1968కి వెనక్కి నడుస్తుంది. ఒక రహస్య సంబంధం ముగిసిపోయిన తర్వాతి రోజులతో మొదలై, అది పుట్టిన రాత్రితో ముగుస్తుంది. గమనించాల్సిన సంగతి ఏమిటంటే, అందులో కొన్ని దృశ్యాలు తమ ముందున్నవాటికి తర్వాతి కాలంలోనే జరుగుతాయి. అంటే తిరోగమనాన్ని వ్రతంలా పాటించాల్సిన అవసరం లేదు. మొత్తం నడక వెనక్కి ఉంటే చాలు, ఏ దృశ్యానికి ఆ దృశ్యం లోపల మాత్రం కాలం ముందుకే సాగాలి.

మన కథను ఇలా తిప్పితే ఆఖరి ఘట్టంగా తండ్రి మంచం పక్కన కూర్చున్న అక్క మిగులుతుంది. "చెప్పను నాన్నా" అని ఆమె తేలిగ్గా అనేస్తుంది. ఆ మాటకు పన్నెండేళ్ళ ఖరీదు కట్టాల్సి వస్తుందని ఆమెకు తెలియదు, పాఠకుడికి తెలుసు. సరళ క్రమంలో ఎత్తుగడగా మామూలుగా కనిపించిన వాక్యం ఇక్కడ ముగింపై గుండెను పట్టేస్తుంది. పాత్రలు కొద్దిగా ఉండి, కథంతా ఒకే బంధం చుట్టూ తిరుగుతూ, ముగింపు కన్నా మొదలు ఎక్కువ బాధపెట్టే కథకు ఈ వరుస తగినది. సంఘటనల గొలుసు పొడవుగా ఉన్న కథకు ఇది పనికిరాదు. ప్రతి దృశ్యంలోనూ పాఠకుడు కొత్తగా మొదలుపెట్టాల్సి వస్తుంది, పది పన్నెండు సార్లు దాటితే అలసిపోతాడు.

ఒకే ఘట్టం, పలు చూపులు

ఫ్రెంచ్ విమర్శకుడు జెరార్ జెనెట్ 1972లో కథనకాలాన్ని వరుస, వ్యవధి, పౌనఃపున్యం అనే మూడు కోణాల నుంచి పరిశీలించాడు. ఇప్పటివరకు చెప్పుకున్నవన్నీ వరుసకు చెందినవి. ఒకసారి జరిగినదాన్ని పలుసార్లు చెప్పడం మూడో కోణానికి చెందుతుంది. అకుతగావా 1922లో రాసిన జపనీస్ కథ 'పొదలో' ఒక చావు గురించి ఏడు వాంగ్మూలాలను వరసగా వినిపించి, ఏది నిజమో తేల్చకుండా ఆగిపోతుంది. కురొసావా 1950లో తీసిన సినిమా రషొమన్‌కు ప్రధాన ఆధారం ఈ కథే.

ఇంటి అమ్మకాన్ని అక్క ఒకలా, చెల్లెలు ఒకలా, కొన్నవాడు ఒకలా చెబితే మన కథ కూడా ఇలా మారుతుంది. ఇది తగినదో కాదో తేల్చుకోవడానికి మిమ్మల్ని మీరు సూటిగా ప్రశ్నించుకోవాలి: నిజం చివర్లో తేలాలా, తేలకూడదా? తేలాలనుకుంటే ఈ రూపం వట్టి జాప్యంగా మారే ప్రమాదం ఉంది. మనుషులు ఒకే సంఘటనను తమకు కావలసినట్టు ఎలా గుర్తుంచుకుంటారో చూపడమే మీ ఉద్దేశమైతే ఇంతకన్నా మంచి రూపం లేదు. ప్రతి కొత్త కథనమూ అంతకు ముందున్న ఒక వివరాన్ని పడగొట్టాలి. ఉన్నదాన్నే మరో గొంతుతో చెబితే పాఠకుడు క్షమించడు.

కాలాలన్నిటినీ చెల్లాచెదురు చేసి అతుకుల బొంతలా పేర్చే రూపం కూడా ఉంది. మతి తప్పిన మనసు, పెద్ద దెబ్బ తిన్న మనసు వంటివాటిని లోపలి నుంచి చూపే కథలకే దాన్ని పరిమితం చేయడం మంచిదని నా అభిప్రాయం.

ఇన్ని రూపాల మధ్య ఎటూ తేల్చుకోలేనివారు ముందు ఒక చిన్న ఉపాయం ప్రయత్నించవచ్చు. సరళ క్రమంలోనే రాస్తూ, సరైన చోట ఒక్క వాక్యంతో భవిష్యత్తును తాకాలి. "ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ ఒకే కంచం ముందు కూర్చుని నవ్వుకోవడం అదే చివరిసారి." ఈ వాక్యం తర్వాత పాఠకుడికి తెగతెంపులు రాబోతున్నాయని తెలుసు, ఎందుకో తెలియదు. నిర్మాణాన్నంతా విప్పి పేర్చి సాధించే ఫలితంలో చాలా భాగం దీనితోనే వస్తుంది. ఒక కథలో ఒకసారి, లేదంటే రెండుసార్లు. అంతకు మించితే కథకుడు ఊరికే బెదిరిస్తున్నట్టు ఉంటుంది.

తెలుగు వాక్యంలో కాలం మార్చడం

ఏ రూపాన్ని ఎంచుకున్నా, కాలం మారే చోట వాక్యం తడబడితే ఎంపిక వృథా అవుతుంది. గతానికి ముందున్న గతాన్ని చూపడానికి కొన్ని భాషల్లో వేరే క్రియారూపం ఉంటుంది. తెలుగులో నిన్న వచ్చినవాడూ "వచ్చాడు", ఇరవై ఏళ్ళ కిందట వచ్చినవాడూ "వచ్చాడు". ఆ లోటును పూడ్చడానికి "వచ్చి ఉన్నాడు", "చెప్పి ఉండెను" అంటూ పేజీల తరబడి రాస్తే తెలుగు పలకదు. మన భాషకు ఇందుకు వేరే సాధనాలు ఉన్నాయి. ఈ తునకను చూడండి.

"ప్లాట్‌ఫారం మీద అక్క కనిపించింది. ఆమె భుజాన పాత తోలు సంచి ఉంది. నాన్న ఆ సంచిని మేకుకు తగిలించాడు. చెల్లెలు దాన్ని కిందికి దించింది. నాన్న కోప్పడ్డాడు."

ఇది చదివినవారికి తండ్రి కూడా ప్లాట్‌ఫారం మీదే ఉన్నట్టు అనిపిస్తుంది. దీన్నే ఇలా మార్చవచ్చు.

"ప్లాట్‌ఫారం మీద అక్క కనిపించింది. ఆమె భుజాన పాత తోలు సంచి వేలాడుతోంది. ఆ సంచి నాన్న గదిలో తలుపు వెనక మేకుకు ఉండేది. ఎవరు తాకినా నాన్న ఊరుకునేవాడు కాదు. ఒక రోజు చెల్లెలు స్టూలెక్కి దాన్ని దించింది. సగం తెరిచేలోపు నాన్న గుమ్మంలో నిలబడ్డాడు."

"ఉండేది", "ఊరుకునేవాడు కాదు" అన్న రెండు అలవాటు క్రియలూ పాఠకుణ్ణి మెల్లగా గతంలోకి దించుతాయి. "ఒక రోజు" అన్నది ఆ గతంలో ఒక ప్రత్యేక క్షణాన్ని తెరుస్తుంది. అక్కడి నుంచి మామూలు భూతకాలం నిశ్చింతగా నడుస్తుంది. తిరిగి రావడానికి అదే సంచి చాలు: "సంచి పట్టీ సర్దుకుని అక్క ఇటు తిరిగింది." వెళ్ళేటప్పుడు పట్టుకున్న వస్తువునే తిరిగి వచ్చేటప్పుడు కూడా పట్టుకుంటే పాఠకుడికి చుక్కల గీతలూ, తేదీలూ అక్కర్లేదు. అంతేకాక, అప్పు కాగితాలు ఆ సంచిలోనే ఉన్నాయని తర్వాత తెలిసినప్పుడు ఈ తునక మరోసారి పనిచేస్తుంది.

పలు చూపుల కథనంలో "అట" అన్న ప్రత్యయం మనకు పెద్ద బలం. "అక్క సంతకం చేసింది" అంటే కళ్ళతో చూసినట్టు, "అక్క సంతకం చేసిందట" అంటే ఎవరో చెబితే విన్నట్టు. ఒక్క అక్షరం తేడాతో సాక్షికీ, పుకారు మోసేవారికీ మధ్య గీత పడుతుంది. పిలుపు కూడా ఇలాంటిదే. చిన్నప్పటి నుంచీ "నువ్వు" అన్న చెల్లెలు ఒక అధ్యాయంలో అక్కను "మీరు" అని పిలిచిందంటే, అది తెగతెంపుల తర్వాతి కాలమని ఏ శీర్షికా చెప్పాల్సిన పని లేదు.

అధ్యాయం నెత్తిన తేదీ వేయడం తప్పు కాదు, అది మాత్రమే సరిపోదు. విలియం ఫాక్నర్ 1929 నాటి నవల ద సౌండ్ అండ్ ద ఫ్యూరీలో నాలుగు భాగాలకూ తేదీలే శీర్షికలు. అయినా మొదటి భాగంలో కథకుడి మనసు ఏ క్షణంలో ఏ కాలంలో ఉందో ఆ తేదీ చెప్పలేదు, ఇటాలిక్ అక్షరాలు కొంతవరకు సూచిస్తాయి. చాలామంది పాఠకులు శీర్షికలను చూసీ చూడనట్టు దాటేస్తారు. కాబట్టి తేదీ వేసినా, మొదటి రెండు వాక్యాల్లోనే ఎవరు, ఎక్కడ, ఏ వయసులో ఉన్నారో తెలిసిపోవాలి.

రాసే వరుస, పేర్చే వరుస

కథను జరిగిన క్రమంలో రాసి తర్వాత పేర్చుకోవాలా, చదివే క్రమంలోనే రాయాలా? జంట కాలాల నవలకు మొదటి పద్ధతి మేలు, ఎందుకంటే ఒక్కో రేఖ గొంతు చెదరకుండా ఉంటుంది. ఫ్లాష్‌బ్యాక్ తునకలకూ, తిరోగమన కథనానికీ రెండోదే నప్పుతుంది. పాఠకుడికి ఇప్పటికి ఏం తెలుసో రచయితకు గుర్తుండాలంటే అదే దారిలో నడవాలి.

ఏ పద్ధతిలో రాసినా, ఒక్కో సన్నివేశానికి ఒక్కో కార్డు పెట్టుకోవడం నాకు తప్పనిసరి అలవాటు. కార్డు మీద జరిగిన వరుస అంకె ఒకటి, చెప్పే వరుస అంకె ఒకటి వేస్తాను. కింద ఒకే వాక్యం: ఈ సన్నివేశం దాటేసరికి పాఠకుడికి కొత్తగా తెలిసేది ఏమిటి. ఆ వాక్యం రాయలేకపోయిన కార్డును పక్కన పెడతాను. పాత్రల వయసులను ఏడాదివారీగా వేరే పట్టికలో రాసుకుంటాను. పన్నెండేళ్ళ ఎడం ఉన్న కథలో ఏదో ఒక పిల్లవాడు రెండేళ్ళు ఎక్కువో తక్కువో పెరగడం చాలా సులువుగా జరిగే పొరపాటు, దాన్ని పట్టుకునే పాఠకుడికి ఆ తర్వాత ఏ తేదీ మీదా నమ్మకం ఉండదు.

రాత పూర్తయ్యాక కథ గురించి ముందుగా ఏమీ తెలియని ఒకరికి ఇచ్చి చదివించాలి. అర్థమైందా అని అడిగితే మర్యాదకు అయిందనే అంటారు. అలా కాకుండా, కాలం మారే ప్రతి చోటా పక్కన ఒక గీత గీసి, అక్కడికి వచ్చేసరికి మీరు ఏం తెలుసుకోవాలనుకున్నారని అడగాలి. వారు చెప్పిన ప్రశ్నా, మీరు ఆ చోట లేవనెత్తాలనుకున్న ప్రశ్నా ఒకటే అయితే ఆ మార్పును ఉంచండి. వేరైతే, వాక్యం జోలికి పోకుండా ముందుగా ఆ కార్డును ఒక స్థానం వెనక్కి జరిపి చూడండి. చాలాసార్లు అంతకు మించి మార్చాల్సింది ఉండదు.